మెలకువగా ఉన్నవారందరూ ప్రార్థిస్తున్నారా?



నిద్ర పట్టని మనిషిని గురించి మన సంఘాలలో రెండు మాటలు వినిపిస్తాయి. విశ్వాసము సరిగా ఉంటే నిద్ర దానంతట అదే వస్తుందని ఒక మాట. దీనికి 4వ కీర్తన 8వ వచనము చూపిస్తారు. తెల్లవారుజామున మూడు గంటలకే మోకాళ్లమీద ఉండేవాడు గొప్ప ప్రార్థనాపరుడని రెండవ మాట. ఈ రెండు మాటలూ ఒకే మనిషికి తగలవచ్చునని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు, ఆ మనిషిని నేనే అయ్యేవరకు.

మా నాన్నగారు పార్వతీపురం వైపు నుండి వచ్చి నారాయణపట్నలో చిన్న దుకాణము పెట్టుకొని స్థిరపడ్డారు. కోరాపుట్ ప్రాంతమంతా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాకు చెందినదే. అందుచేత కొండ ఎక్కివచ్చిన మనవారికి పరాయి దేశము వచ్చామన్న తలంపు అంతగా ఉండేది కాదు. నేను ఇక్కడే పుట్టాను. 2009లో మా బ్లాకులో భూముల కోసము జరిగిన ఆందోళన గురించి మీలో చాలామంది పత్రికలలో చదివే ఉంటారు. అనేక గిరిజనేతర కుటుంబాలు ఊరు విడిచి వెళ్లాయి. నవంబరు 20న పోలీసు స్టేషను వద్ద కాల్పులు జరిగి ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ నెలలలో మేము తలుపుకు అడ్డముగా బియ్యము బస్తాలు పెట్టుకొని పడుకొనేవారము. కుక్క మొరిగితే లేచి కూర్చునేవాణ్ణి. అప్పుడు మాకు నిద్ర లేదు, గూడేలలో ఉన్నవారికి మాకంటె లేదు. వారి భూముల గోడు అబద్ధము కాదని కూడా ఇక్కడ చెప్పాలి. పల్లము నుండి వచ్చినవారము ఆ సంగతి మనలో మనము ఎక్కువగా మాట్లాడుకోము.

కొంతకాలానికి ఊరు చల్లబడింది. వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చారు. నా నిద్ర మాత్రము తిరిగి రాలేదు.

నిద్ర పట్టేవారికి ఈ బాధ చెప్పి ఒప్పించడము కష్టము. రాత్రి పదింటికి పడుకొంటాను. దోమతెర లోపల కళ్లు మూసుకొని ఉంటాను. పన్నెండు, ఒకటి, రెండు. ఇప్పుడు పడితే ఇంకా మూడు గంటలు దొరుకుతుంది, ఇప్పుడైనా పడితే రెండు గంటలు దొరుకుతుంది అని లెక్క. దుకాణములో కూడా అంత శ్రద్ధగా లెక్క చూసినవాణ్ణి కాను. పగలు చిల్లర తప్పు ఇచ్చేవాణ్ణి, పిల్లలమీద అరిచేవాణ్ణి. మూడు గంటలకు ఇక పడుకోలేక లేచి, లైటు వేసుకొని, బైబిలు తెరిచి మోకరించేవాణ్ణి.

ఆ లైటు ప్రక్కవారికి కనిపించింది. "అన్నయ్యగారు మూడింటికే ప్రార్థనలో ఉంటారు" అన్న మాట సంఘములో పాకింది. ప్రార్థన మనవులు నా దగ్గరకు తెచ్చేవారు. ఒక ఆదివారము ప్రసంగములో కూడా నన్ను మాదిరిగా చూపించారు. నేను కాదనలేదు. ఆ రోజులలో మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ఆల్ప్రజోలామ్ మాత్రలు నా చొక్కా జేబులో ఉండేవి. అర మాత్రతో మొదలై రెండుకు చేరింది. పగలు సాక్ష్యము, రాత్రి మాత్ర.

ఇది అబద్ధమా? నేను ఎవరితోనూ నోటితో అబద్ధము చెప్పలేదు. వారు అనుకొన్నదానిని అలాగే ఉండనిచ్చాను. ఇందులో తప్పు నాదే అని ఒప్పుకొంటూనే ఒక మాట అడుగుతాను. నాకు నిద్ర పట్టడము లేదు అని నేను లేచి చెప్పి ఉంటే, మొదటి మాట నామీద పడి ఉండేది కాదా? జబ్బు చెప్పుకొన్నవానికి ప్రసంగము ఎదురైతే, తరువాతివాడు జబ్బు దాచుకోవడము నేర్చుకొంటాడు. షుగరు ఉన్నదని చెప్పడానికి మనలో ఎవరూ సిగ్గుపడరు. తిమోతి కడుపునొప్పికి పౌలు గారు ప్రార్థనతోపాటు మందువంటి సలహా కూడా వ్రాశారు. ఆయన వెంట ఉన్న లూకా గారు వైద్యుడు.

వాక్యములో వెదికితే నిద్ర పట్టనివారు చాలామంది కనిపిస్తారు. 77వ కీర్తనలో ఆసాపు తన కన్నులు మూతపడనివ్వనిది దేవుడే అన్నంతవరకు వెళ్లాడు. యోబు తెల్లవారేదాకా అటూ ఇటూ దొర్లాడు. పౌలు తన శ్రమల పట్టికలో ఆకలి దప్పులతోపాటు నిద్రలేమిని కూడా చేర్చాడు. వీరిలో ఎవరికి విశ్వాసము తక్కువ? పోనీ, నిద్రపోయినవారిని చూద్దాము. యేసు ప్రభువు తుఫానులో పడవలో నిద్రించారు. యోనా కూడా తుఫానులో ఓడలోనే గాఢముగా నిద్రపోయాడు, అదీ దేవుని మాట మీరి పారిపోతూ. నిద్రను చూసి విశ్వాసమును కొలిచేటట్లయితే యోనాకు కూడా మంచి మార్కులు వేయాలి. (త్రోయలో పౌలు ప్రసంగము వింటూ నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిన ఐతుకు సంగతి సరేసరి. అక్కడ కొంత తప్పు ప్రసంగము నిడివిది అని నా అభిప్రాయము.)

అయితే దర్యావేషు ఉన్నాడు. దానియేలును గుహలో వేయించిన రాత్రి ఆ రాజుకు నిద్ర దూరమైంది. అతనిని నిద్రపోనివ్వనిది మనస్సాక్షి. ఈ కథ నన్ను చాలాకాలము పీడించింది. నా బీరువాలో ఒక కాగితము ఉన్నది. నాన్నగారి కాలములో ఒక గిరిజన కుటుంబము అప్పుకు తాకట్టుగా వ్రాసి ఇచ్చిన కొద్దిపాటి మెట్టభూమి కాగితము. ఇక్కడ గిరిజనుల భూమి ఇతరులకు చేరకుండా 1956 నుండే రెగ్యులేషన్ ఉన్నది. ఆ కాగితము చెల్లదని నాకు తెలుసు, వారికి తెలియదు. బహుశా నన్ను నిద్రపోనివ్వనిది ఇదేనేమో అనుకొన్నాను. ఆ కుటుంబములో ఇప్పుడున్న పెద్దాయనను ఇంటికి పిలిచి, కాగితము ఆయన చేతిలో పెట్టి, అప్పు లేదు ఏమీ లేదు అని చెప్పాను. ఆయన చాలాసేపు దానిని త్రిప్పి త్రిప్పి చూసి, మడిచి తలపాగాలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి కూడా నిద్ర రాలేదు.

నాకు కోపము వచ్చింది. దేవునిమీద అని వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది గాని, ఆయనమీదే. కొన్ని రోజుల తరువాత తెలిసింది, నేను ఆ కాగితము ఇచ్చి నిద్ర కొనుక్కోవాలనుకొన్నానని. ఇవ్వవలసినది ఇవ్వవలసినదే, నిద్ర వచ్చినా రాకపోయినా. మనస్సాక్షి ఖాతా వేరు, జబ్బు ఖాతా వేరు. ఒకదాని జమ ఇంకొకదానిలో వ్రాసుకోవడము వ్యాపారస్థుని అలవాటు.

చివరకు లక్ష్మీపూర్ వైపు ఘాటు రోడ్డులో మోటారుసైకిలు మీద కళ్లు మూతపడ్డాయి. లోయ వైపు రాళ్లదాకా వెళ్లి ఆగాను. మా ఇంటావిడ ఇక ఊరుకోలేదు. పార్వతీపురంలో రైలు ఎక్కి ఇద్దరము విశాఖపట్నం వెళ్లి ఒక మానసిక వైద్యుని చూశాము. ఆ బోర్డు క్రింద కూర్చున్నప్పుడు తెలిసినవారు ఎవరైనా చూస్తారేమోనని న్యూస్‌పేపరు మొహానికి అడ్డము పెట్టుకొన్నాను. ఆయన క్రైస్తవుడు కాడు. అన్నీ విని ఒక ప్రశ్న వేశారు. "మీరు ప్రార్థన కోసము లేస్తున్నారా, నిద్ర రాక లేచి ప్రార్థన చేస్తున్నారా?" పాస్టరు గారు ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నేనూ అడుగుకోలేదు.

ముందు వేరే జబ్బులేమైనా ఉన్నాయేమో చూశారు. పెద్దగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవారికి జబ్బు వేరు, వైద్యము వేరు. పడుకోగానే కాళ్లు గుంజి కదపకుండా ఉండలేనివారికి రక్తములో ఇనుము తక్కువై ఉండవచ్చు. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన ప్రాంతములో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. నాకు ఇవేవీ లేవు. నిద్రను చెడగొట్టిన కారణము ఒకటైతే, చెడిపోయిన నిద్రను అలాగే నిలబెట్టే కారణము ఇంకొకటి అని ఆయన చెప్పారు. 2009 భయము ఎప్పుడో పోయింది. దానిని నిలబెట్టినవి ఆ గడియారము, ఆ లెక్క, ఎలాగైనా నిద్రపోవాలన్న పట్టుదల.

వైద్యము విచిత్రముగా ఉన్నది. ఎక్కువసేపు పడుకోమంటారనుకొంటే తక్కువసేపు పడుకోమన్నారు. రాత్రి పదకొండున్నరకు ముందు మంచము ఎక్కరాదు. ఎంత చెడ్డ రాత్రి అయినా ఐదింటికి లేవాలి. పగలు కునుకు లేదు. గడియారము గదిలో ఉండరాదు. ఇరవై నిమిషాలు అయినట్లు తోచినా నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, మగత కమ్మినప్పుడే తిరిగి రావాలి. ప్రతి ఉదయము ఒక నోటుబుక్కులో వ్రాయాలి. మంచమును, మెలకువను వేరుచేసే ఈ పద్ధతిని అమెరికాలో బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లోనే ప్రతిపాదించారు. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకంటె ముందు ఇటువంటి శిక్షణే ఇవ్వాలని అమెరికా వైద్యుల కాలేజీ 2016లో సిఫారసు చేసింది. మొదటి రెండు వారాలు ప్రాణము పోయినట్లే ఉన్నది, మోటారుసైకిలు తాకవద్దన్నారు. మాత్రలను కొన్ని నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గించారు. ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఇది చదివి ఆవేశపడి ఎవరూ మాత్రలు పారవేయకండి, వైద్యుని అడగండి.

మంచము మీద నిద్ర కోసము ప్రార్థించవద్దు, కుర్చీలో కూర్చొని దేనికోసమైనా ప్రార్థించండి అన్నారు. మొదట నాకు ఇది తప్పుగా తోచింది. తరువాత ఆలోచించాను. నా ప్రార్థన అప్పుడు మూడవ మాత్రగా మారి ఉన్నది. 127వ కీర్తనలో వేకువనే లేవడము, పొద్దుపోయి పడుకోవడము వ్యర్థమని చెప్పిన తరువాత వచ్చే మాట ఇంగ్లీషు బైబిలులో దేవుడు తన ప్రియులకు నిద్రనే ఇస్తాడు అన్నట్లుగా ఉన్నది. మన తెలుగు బైబిలులో వారు నిద్రలో ఉండగా ఆయన ఇస్తాడు అన్న అర్థము. రెండింటిలోనూ మనిషి చేసేది ఏమీ లేదు. క్రియలవలన కాదు, కృపవలన అని చిన్నప్పటి నుండి కంఠస్థము చేసినవాణ్ణి, నిద్రను మాత్రము క్రియలవలన సంపాదించాలని పదేళ్లు కుస్తీ పట్టాను. ఏలీయా బదరీవృక్షము క్రింద చావును కోరుకొన్నప్పుడు దూత అతనికి ప్రసంగము చేయలేదు. అన్నము పెట్టి, మళ్లీ పడుకోనిచ్చాడు.

మన బాప్టిస్టు బోధకులలో పేరుపొందిన స్పర్జన్ గారి సభలో 1856 అక్టోబరు 19న, లండనులోని ఒక హాలులో, మంటలని ఎవరో కేక వేయగా తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ తరువాత జీవితమంతా తనను క్రుంగదీసిన దిగులును గురించి ఆయన తన విద్యార్థులకు దాచకుండా చెప్పారు. కేరీ గారి భార్య డొరోతి గారి సంగతి మాత్రము మన సండే స్కూలులో చెప్పము. 1794లో ఐదేళ్ల కుమారుడు పోయిన తరువాత ఆమె మనస్సు చెదిరి, 1807లో చనిపోయేవరకు కుదుటపడలేదు. ఆ రోజులలో అటువంటి జబ్బుకు తగిన వైద్యము లేదు. ఈ రోజులలో కోరాపుట్‌లోనే 2017 నుండి మెడికల్ కాలేజీ ఉన్నది. ఎక్కడికీ వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన ఆ టెలి మానస్ సేవలో డబ్బు లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

గత సంవత్సరము ఒక బుధవారము కూటములో లేచి ఇదంతా చెప్పాను, మాత్రల సంగతితో సహా. ఎవరూ ఆమెన్ అనలేదు. ఒక పెద్దాయన ఇలాంటివి సభలో చెప్పదగినవి కావని తరువాత అన్నారు. కూటము ముగిసి చెప్పులు వేసుకొంటుండగా ఒక అమ్మగారు దగ్గరకు వచ్చి, చుట్టూ చూసి, "బాబూ, మా అబ్బాయి మూడేళ్లుగా రాత్రిళ్లు వరండాలో తిరుగుతున్నాడు. ఆ డాక్టరు గారు ఏ రోజులలో చూస్తారు?" అని అడిగింది.