యశోదమ్మ కర్ర పారేసిన క్షణం

మంగళవారం పొద్దున నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నా, స్టవ్ మీద పాలు. ఆ సందులో మా నాలుగేళ్ల బాబు దేవుడి గదిలో కుంకుమ భరిణె మొత్తం నేల మీద బోర్లించాడు. వీపు మీద ఒక్కటేశాను. వాడు ఏడవలేదు. నా మొహం చూసి వెనక్కి జరిగాడు. ఆ జరగడమే రోజంతా నన్ను వదల్లేదు.

భాగవతం దశమ స్కంధంలో యశోదమ్మదీ ఇదే పరిస్థితి. ఒళ్లో కన్నయ్య పాలు తాగుతున్నాడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పిల్లాణ్ణి దించేసి పరుగెత్తింది. వాడికి కోపమొచ్చి పెరుగు కుండ పగలగొట్టాడు. (మన ఇళ్లల్లో రోజూ జరిగేదే కదా!)

దామోదర లీల అనగానే మనం నేరుగా తాడు దగ్గరికి వెళ్లిపోతాం. ఎన్ని తాళ్లు ముడేసినా రెండు వేళ్లు తక్కువే, చివరికి అమ్మ అలసట చూసి ఆయనే కట్టుబడ్డాడు. నిజమే. కానీ అంతకు ముందు ఇంకొకటి జరిగింది. కర్రతో వెంటపడి పట్టుకున్న తల్లి, వాడి కళ్లలో భయం చూసి కర్ర పారేసింది. తప్పును వదిలేయలేదు, కట్టేసింది. భయపెట్టడం మాత్రం ఆపేసింది. నేను చూడాల్సిన చోట చూడలేదు.

రాత్రి పడుకోబెడుతూ "సారీ నాన్నా" అన్నాను. "అమ్మమ్మలా పూజ చేశానమ్మా" అన్నాడు. కాసేపాగి, "కుంకుమ ఇంకా ఉందా?" అని అడిగాడు. లేచి భరిణె తెచ్చాను. నుదుటి మీద కాదు, ముక్కు మీద పెట్టాడు.