కొత్త ఎడ్లు, పాత ఇల్లు

వీరయ్య బండి తోలినన్నాళ్లూ రావిచెట్టు దగ్గర దిగేవాడు. మిర్చి యార్డు నుంచి వచ్చే దారి అక్కడే రెండుగా చీలుతుంది. కుడివైపుది తమ ఊరికి, ఎడమవైపుది చప్టా దాటి వాగు అవతలి ఊరికి. పుట్టి పెరిగిన దారే. అయినా నొగల మీంచి దూకి, లాంతరు ఎత్తి చూసి, దాపటి ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నాలుగడుగులు తానే ముందు నడిచి మళ్లీ ఎక్కేవాడు.

"ఎడ్లకు తెలియదా నాన్నా దారి?" అనేవాడు కొడుకు సుబ్బయ్య, బస్తాల మీద వెల్లకిలా పడుకుని.

"వాటికి తెలుసులేరా. నాకు తెలుసో లేదో చూసుకుంటున్నా."

వీరయ్య మంచాన పడ్డాక ఆ చాదస్తం పోయింది. యార్డు దాటగానే సుబ్బయ్య పగ్గాలు నొగకు చుట్టేసి పడుకునేవాడు. కళ్లు తెరిచేసరికి బండి కొట్టం ముందుండేది. ఊళ్లో అదో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

ఆ ఎడ్లు ముసలివై పోయాయి. సంతలో కొత్త జత కొన్నాడు. పళ్లు పట్టి చూశాడు, సుడులు చూశాడు, నడిపించి చూశాడు. అమ్మినవాడిది ఏ ఊరో మాత్రం అడగలేదు. అదేం పెద్ద విషయమనిపించలేదు.

సరుకు ధర గిట్టక బస్తాలు వెనక్కి తెచ్చుకుంటున్న ఒక రాత్రి, "ఇంటికి పదండి" అని అదిలించి పడుకున్నాడు. రావిచెట్టు దగ్గర ఎడ్లు తడుముకోకుండా ఎడమకు తిరిగాయి. వాటికి తెలిసిన ఇల్లు అటే.

మెలకువ వచ్చేసరికి, ఎదురుగా కనబడాల్సిన ఊరి దీపాలు కుడిచేతి పక్కన దూరంగా మినుకుమంటున్నాయి. మళ్లీ రావిచెట్టు దాకా వెళ్లాలంటే గంట పని. పైగా ఎవరైనా ఎదురైతే నవ్వుతారు. దీపాలకేసి చేలకు అడ్డంబడి తోలాడు. ఎడ్లు మారు మాట్లాడకుండా అటే తిరిగాయి. మధ్యలో వాగు ఉంది. గట్టు మీద అవి నిలబడిపోతే ముల్లుకర్రతో పొడిచాడు.

తెల్లారి ఊరంతా మిరపకాయలు వాగులోంచి ఏరింది. వలపటి ఎద్దుకు కాలు విరిగింది. మాయదారి ఎడ్లని అందరూ తిట్టారు. వీరయ్య మంచంలోంచి ఒక్కటే అడిగాడు: "చేలల్లోకి మళ్లించినప్పుడు నువ్వెక్కడున్నావో నీకు తెలుసా?"

నీతి: నడక ఎడ్లకు అప్పగించవచ్చు. ఎక్కడున్నామన్న ఎరుకను అప్పగించకూడదు.

ఈ నీతికి 159 ప్రాణాలు ఖర్చయిన రాత్రి ఒకటుంది. 1995 డిసెంబరు 20న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965వ నంబరు విమానం మయామీ నుంచి కొలంబియాలోని కాలి నగరానికి ఆలస్యంగా బయల్దేరింది. బోయింగ్ 757, అనుభవజ్ఞులైన పైలట్లు. కాలి లోయలో ఉంది, రెండు పక్కలా ఆండీస్ కొండలు. విమానాశ్రయానికి అప్పుడు రాడార్ లేదు. గాలి పెద్దగా లేదు కనుక చుట్టు తిరగకుండా నేరుగా దిగుతారా అని కంట్రోలర్ అడిగాడు. పోయిన సమయం కలిసొస్తుందని పైలట్లు సరేనన్నారు. అంతే, చెయ్యాల్సిన పనులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

దారిలో రోజో అనే రేడియో బీకన్ ఉంది. మ్యాపులో దాని గుర్తు 'ఆర్'. కంప్యూటర్‌లో ఆర్ కొట్టి, జాబితాలో మొదటిది ఎంచుకున్నారు. అది రోజో కాదు, రోమియో. బొగోటా దగ్గర, నూటికి పైగా మైళ్ల దూరంలో ఉన్న మరో బీకన్. రోజో కావాలంటే పేరు పూర్తిగా కొట్టాలి. ఆటోపైలట్ తనకు చెప్పిన ఇంటికేసి ఎడమకు తిరిగింది. దాదాపు నిమిషం పాటు ఇద్దరూ గమనించలేదు. గమనించాక, ఎక్కడున్నారో తేల్చుకోకుండానే కుడివైపు మళ్లించారు. ఇంతసేపూ విమానం కిందికి దిగుతూనే ఉంది. వాళ్లకూ కాలికీ మధ్య కొండ ఉంది.

నేల దగ్గరపడుతోందన్న హెచ్చరిక కొండను ఢీకొట్టడానికి సుమారు 12 సెకన్ల ముందు మోగింది. ఇంజిన్లకు పూర్తి శక్తి ఇచ్చి ముక్కు పైకెత్తారు. కిందికి దిగడానికి తెరిచిన స్పీడ్‌బ్రేకులు మూయడం మరిచారు. 163 మందిలో నలుగురు బతికారు.

తప్పంతా పైలట్లదేనని చేతులు దులుపుకుంటే అన్యాయం. మ్యాపులో ఒక గుర్తు, కంప్యూటర్‌లో మరో అర్థం ఉంటే ఎంతటివాడైనా తడబడతాడు. 2000లో మయామీలో జ్యూరీ కూడా తప్పును వాటాలు వేసింది: ఎయిర్‌లైన్స్‌కు 75 శాతం, మార్గాల డేటా ఇచ్చిన జెప్పెసెన్‌కు 17, కంప్యూటర్ తయారీదారు హనీవెల్‌కు 8. నాకైతే ఈ పంపకం సబబుగానే తోస్తుంది.

అదే ఎయిర్‌లైన్స్‌లో శిక్షణ ఇచ్చే కెప్టెన్ వారెన్ వాండర్‌బర్గ్ 1997లో చేసిన ప్రసంగం పైలట్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. కాక్‌పిట్ తెర మీద కంప్యూటర్ గీసిన దారి ముదురు గులాబీ రంగులో, మెజెంటా గీతగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని నడిచేవాళ్లకు ఆయన 'మెజెంటా పిల్లలు' అని పేరు పెట్టాడు. ఆయన యంత్రాలను వద్దనలేదు. యంత్రాల వల్ల ప్రయాణం ఎంతో భద్రమైంది కూడా. కాలి ప్రమాదం తర్వాత ముందున్న కొండలను మ్యాపులో చూపి ముందే అరిచే పరికరాలు తప్పనిసరి అయ్యాయి. అదీ యంత్రమే. ఆయన చెప్పిందల్లా, కంప్యూటర్ అనుకోని పని చేస్తుంటే ఇంకా మీటలు నొక్కుతూ కూర్చోవద్దని, ఒక మెట్టు దిగమని, అవసరమైతే ఆటోపైలట్ తీసేసి చేత్తో నడపమని. ఆ రాత్రి చేత్తో నడపడం కూడా తర్వాతి మాట. ముందు దిగడం ఆపి పైకి లేచి ఉంటే, రోజో ఎక్కడుందో తీరిగ్గా వెతుక్కునే వ్యవధి దొరికేది.