ఎవరి తాలూకూ కాని మనిషి

హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లను ఒంటరిగా ఒక్క రోజులో నడిచి చూడవచ్చు. దూరాలు పెద్దవి కావు, ఎక్కుడు దిగుడులే ఎక్కువ. పొద్దున్నే కేబీఆర్ పార్కు దగ్గర మొదలుపెడితే చెక్‌పోస్టు, పెద్దమ్మ గుడి, ఫిల్మ్‌నగర్ గుట్ట, దుర్గం చెరువు చూసుకుని సాయంత్రానికి కృష్ణానగర్‌లో దిగవచ్చు. 2019లో మెట్రో వచ్చాక కారు లేనివాళ్లకీ ఈ కొండ అందింది. అయినా దీన్ని ఊరికే చూడటానికి ఎవరూ రారు. షూటింగుకో, కథ చెప్పడానికో, శుభలేఖ ఇవ్వడానికో, రావలసిన డబ్బు అడగడానికో వస్తారు. పని లేకుండా, తోడు లేకుండా కాలినడకన వచ్చిన మనిషిని ఏ వరసలో జమకట్టాలో ఇక్కడి వీధులకు తెలియదు.

ఇలాగే కొండ, బండరాయి, కలవారి భవంతులు కలిసిన ఊరు పోర్చుగల్‌లో ఒకటుంది. లిస్బన్‌లో రైలెక్కితే ముప్పావు గంటలో సింట్రా. 1755 భూకంపానికి దెబ్బతిన్న ఒక మఠాన్ని రాణి భర్త ఫెర్డినాండ్ 1838లో కొని, దాని చుట్టూ ఎరుపు పసుపు రంగుల పెనా రాజభవనం కట్టించాడు. ఊళ్లోనే ఉన్న రెగలేరా భవంతి ఇంకా చిత్రమైనది. బ్రెజిల్‌లో కలిసొచ్చిన కుటుంబానికి చెందిన మోంటైరో అనే శ్రీమంతుడు దాన్ని 1904 తర్వాత కట్టించుకున్నాడు. గీసిచ్చినవాడు లూయిజీ మనీని, ఒపేరాలకు రంగాలంకరణ చేసే ఇటలీ కళాకారుడు. సెట్లు వేసే మనిషి చేతికి రాయి, సున్నం, అడిగినంత డబ్బు ఇచ్చారన్నమాట. 1910లో రాచరికం పోయింది. 1995లో ఆ కొండంతా యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు టికెట్టు కొన్న ఎవరైనా రాజుగారి పడకగదిలోకి తొంగిచూడవచ్చు. నువ్వెవరి తాలూకు అని అక్కడ అడిగేవారు లేరు.

ఇక్కడ అడుగుతారు. జూబిలీహిల్స్ లోపలి రోడ్లలో ప్రహరీలు మనిషి ఎత్తును ఎప్పుడో దాటిపోయాయి. వాటి మీదుగా కాగితంపూల తీగలు, వాటి పైన కెమెరాలు. గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో నీలం చొక్కా వాచ్‌మన్. నడిచేవాడు రోడ్డు నంబరు వెతుక్కుంటూ క్షణం ఆగితే చాలు, కుర్చీలోంచి లేవకుండానే ప్రశ్న వస్తుంది: "ఎవరు కావాలి సార్?" అందులో కోపం లేదు, అనుమానం కూడా పెద్దగా లేదు. ఈ కొండ మీద ఉన్న ప్రతివాడూ ఎవరో ఒకరి కోసం వచ్చినవాడే అన్న నమ్మకం ఉంది. "ఎవరూ వద్దు" అనే జవాబు నిజమైనా అతనికి పనికిరాదు. ఒంటరితనం ఇక్కడ మనసుకు సంబంధించిన సంగతి కాదు, చిరునామా లేకపోవడం. సినిమా రంగం మొత్తం ఈ పద్ధతి మీదే నడుస్తుంది. ఫలానా వారి అబ్బాయి, ఫలానా వారి మేనల్లుడు, ఫలానా దర్శకుడి దగ్గర చేసినవాడు అని చెప్పుకుంటే తలుపు సగం తెరుచుకుంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ తలుపులు పెట్టించిన పెద్దలు ఎవరి తాలూకూ కాకుండానే వచ్చారు. గుడివాడ దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో పుట్టి నాటకాల్లో ఆడవేషాలు వేస్తున్న అక్కినేని నాగేశ్వరరావు విజయవాడ రైల్వేస్టేషన్‌లో నిర్మాత ఘంటసాల బలరామయ్య కంటపడ్డారు. కారంచేడు నుంచి రామానాయుడు, తెనాలి పక్క బుర్రిపాలెం నుంచి కృష్ణ మద్రాసు రైలెక్కారు. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు మళ్లుతున్న కాలంలో వీళ్లే ఈ గుట్టల మీద స్టూడియోలు కట్టారు. బంజారాహిల్స్ అంచున 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియో 1970ల నడుమ మొదలైంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఫిల్మ్‌నగర్ వైపు లేచాయి. అప్పటికి ఇది ఊరికి దూరం. బండలు, ముళ్లపొదలు, సీతాఫలం చెట్లు. మద్రాసు వదిలి ఈ రాళ్లలోకి రావడానికి ఎంత మొండితనం కావాలో ఇప్పుడు ఏసీ కారులోంచి చూస్తే తెలియదు. వాలు ఎక్కుతూ ఆయాసపడే కాళ్లకు కాస్త తెలుస్తుంది.

ఈ కొండకు రాజభవనం లేకపోలేదు. కేబీఆర్ పార్కు లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది, ఏడో నిజాం మనవడు ముకర్రం జాది. ఆ ఎస్టేటు అడవినే 1998లో జాతీయ పార్కుగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. ముకర్రం జా జీవితంలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాలో, టర్కీలో గడిపి 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయారు. ఆయన్ని తీసుకొచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. పొద్దున నడకకు వచ్చేవాళ్లలో ఆ భవనం గురించి అడిగేవారు తక్కువ. నెమలి కనిపిస్తే ఆగుతారు. సింట్రాలో రాజు పోయాక భవనం అందరిదీ అయింది. ఇక్కడ తోట అందరిదీ అయింది, భవనం మిగిలిపోయింది. ఈ రెండోదే మేలేమో. భవనం చూడటానికి ఒకసారి వస్తారు, చెట్ల కిందికి రోజూ వస్తారు.

ఒంటరిగా వచ్చినవాడు అసలు ఆగి చూడవలసినవి రాళ్లు. సింట్రా కొండ రాయి వయసు ఎనిమిది కోట్ల ఏళ్లయితే హైదరాబాదు గ్రానైటుది సుమారు 250 కోట్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న గుండ్లు నిజానికి పేర్చినవి కావు, ఉన్నచోటనే తయారైనవి. నేల లోపల ఒకే ముద్దగా ఉన్న రాయికి నిలువునా అడ్డంగా బీటలు పడ్డాయి. బీటల్లోకి నీరు దిగింది. మూలలు మూడు వైపుల నుంచి తడుస్తాయి కాబట్టి ముందు అవే మెత్తబడి మట్టయ్యాయి. నడుమ గట్టి భాగం గుండ్రంగా మిగిలింది. లక్షల ఏళ్ల వానలు ఆ మట్టిని కడిగేశాక గుండు గుండు మీద నిలిచి బయటపడింది. ఇళ్ల కోసం, రోడ్ల కోసం వీటిని పేల్చేస్తుంటే చూడలేక కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకున్నారు. వాళ్ల పట్టుదల వల్ల తొమ్మిది రాతి అమరికలు నగర వారసత్వ జాబితాలో చేరాయి. వాటిలో క్లిఫ్ రాక్, ఒబెలిస్క్, బ్లూక్రాస్ జంతు సంరక్షణ కేంద్రం పక్కనున్న పుట్టగొడుగు ఆకారపు టోడ్‌స్టూల్ జూబిలీహిల్స్‌వే. మాన్‌స్టర్ రాక్ ఫిల్మ్‌నగర్ దగ్గరిది. టోడ్‌స్టూల్ ముందు నిలబడ్డవాడికి దాని కాడ సన్నదనం, మీది బండ బరువు చూస్తే లెక్క కుదరదు. ఈ పూట పడిపోతుందేమో అనిపిస్తుంది, అనిపించి ఎన్ని వేల ఏళ్లయిందో! దాని ముందు నటుడి మనవడికీ, దారిన పోయేవాడికీ ఒకటే హోదా. ఈ కొండ మీద వారసత్వం అన్న మాట సరిగ్గా అతికేది ఈ రాళ్లకే.

రాళ్లకు సరిగ్గా ఎదురు కొస సినిమా సెట్. ప్లైవుడ్, థర్మాకోల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కోటలు వేస్తారు, షెడ్యూల్ అయిపోగానే విప్పేస్తారు. అరుదుగా ఏదో ఒకటి గుర్తుగా ఉంచుకుంటారు. నాగేశ్వరరావు చివరి సినిమా 'మనం' సెట్‌ను అన్నపూర్ణలో అలాగే ఉంచారు. 2017 నవంబరులో అది కాలిపోయింది. సింట్రాలో లూయిజీ మనీని రాతితో కట్టినది నిలిచింది కదా అంటే, అతను ఒపేరాలకు వేసిన రంగాలంకరణలు మాత్రం ఆట ముగియగానే దిగిపోయేవే. ఏది నిలవాలో కళాకారుడు నిర్ణయించడు, డబ్బు పెట్టినవాడు నిర్ణయిస్తాడు.

గుళ్ల సంగతికి ఎక్కువసేపు పట్టదు. ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానంలో ఒకే ప్రాంగణంలో చాలామంది దేవుళ్లు కొలువున్నారు, సినిమా ముహూర్తాలకు అది అలవాటైన చోటు. పెద్దమ్మ తల్లి గుడి కాలనీల కంటే పాత భక్తిది. ఆషాఢం బోనాలప్పుడు అక్కడికి వచ్చే జనం వేరు, గేట్ల వెనక ఉండే జనం వేరు. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చింది. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చాక సెల్ఫీలకు పనికొస్తోంది.

చివరగా కృష్ణానగర్. కొండ దిగువన యూసుఫ్‌గూడ వైపున్న ఈ ఇరుకు వీధులే సినిమాకు మనుషుల్ని అందించేవి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, మేకప్ అసిస్టెంట్లు, ఇంకా ఏమీ కానివాళ్లు. కొంత నిలదొక్కుకున్న కార్మికులకు మణికొండలో చిత్రపురి కాలనీ వచ్చింది. కొత్తగా బస్సు దిగినవాడు మాత్రం ఇప్పటికీ ఇక్కడే ముగ్గురు నలుగురితో గది పంచుకుంటాడు. ఇక్కడి టీ కొట్టు దగ్గర ఒంటరి మనిషి వింత కాదు, నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆ బాపతే. పక్కవాడు గ్లాసు అందుకుంటూ ఊరు అడుగుతాడు, తర్వాత ఏ క్రాఫ్టని అడుగుతాడు. సినిమావాళ్లు లెక్కపెట్టే ఇరవైనాలుగు క్రాఫ్టుల్లో ఏదీ కాదంటే నవ్వి, రేపు ఫలానా కంపెనీకి మనుషులు కావాలట, ఆరింటికల్లా రమ్మంటాడు.