మొద్దు

కత్తిపీట తెగకపోతే మొద్దుబారింది అంటాం. ఎంత పిలిచినా లేవనివాడిది మొద్దునిద్ర. మధుమేహం ముదిరి అరికాలు మొద్దుబారితే ముల్లు దిగినా తెలియదు. ఇదే మాటతో లెక్క రాని పిల్లవాణ్ణీ పిలుస్తాం, అదీ నలుగురిలో.

ఇనుము మొద్దుబారేది పనిచేసి చేసి. చాళ్లు దున్నీ దున్నీ నాగలి కర్రు మొన అరిగిపోతుంది. రైతు దాన్ని తిట్టడు, కమ్మరి కొలిమికి పట్టుకెళ్తాడు. ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సుత్తితో సాగగొడితే మళ్లీ మొన తేలుతుంది.

పిల్లల దగ్గర మాత్రం ఆ ఓపిక చూపించం. బోర్డు మసకగా కనిపించే పిల్లవాడుంటాడు. పాఠం సరిగా వినపడని పిల్ల ఉంటుంది. డిస్లెక్సియా ఉన్నా తెలివికి లోటుండదు. అక్షరాన్ని దాని శబ్దంతో జతచేసుకోవడమే కష్టం. ఇవేవీ బెత్తంతో పోయేవి కావు. చిన్నప్పుడు పడ్డ ‘మొద్దు’ అన్న పేరు పెద్దయ్యాక కూడా వదలదు, నన్నడిగితే అది క్రూరత్వమే. మీ ఇంట్లో చదువులో వెనకబడిన బిడ్డ ఉంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత వాళ్ల టీచరుతో కూర్చుని, ఎక్కడ ఆగిపోతున్నారో అడగండి.