దిగిరావలసినదెవరు?

ధ్యానభాగము: రోమా 15:1–7



ఇంటిలోనికి క్రొత్త రౌటరు వచ్చును. పిల్లల ఫోనులన్నియు క్షణములో దాని వైఫైతో కలిసికొనును. అక్షరములను పెద్దవిగా చేసికొని చదువుకొనుటకు పెద్దలు వాడు పాత ఈ-రీడరు మాత్రము కలియదు. నిన్నటివరకు పనిచేసినదే. నేడు ఇంటి వైఫై పేరే దానికి కనబడదు. కనబడినను లోనికి చేరలేదు. అప్పుడు ఇంటిల్లిపాదియు ఒకే తీర్పు చెప్పుదుము: అది పాతబడినది, పారవేయవలెనని. ఈ తీర్పు న్యాయమైనదా? ఇద్దరి నడుమ సంబంధము తెగినప్పుడు తప్పు ఎవరిదని ఎట్లు నిర్ణయింపగలము? తిరిగి కలియుటకు దిగిరావలసినదెవరు? ఈ ప్రశ్న యంత్రములతో ముగియునది కాదు.

మొదట విచారణ, తరువాతనే తీర్పు. యోహాను సువార్త 7వ అధ్యాయములో నీకొదేము తన తోటి అధికారులకు గుర్తుచేసినది ఇదియే. ఈ-రీడరు విషయములోను విచారణకు ఒక క్రమము కలదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున వేసియున్నదేమో చూడవలెను. పరికరమును, రౌటరును ఆపి మరల ప్రారంభింపవలెను. పాత వైఫై వివరములను తుడిచివేసి, ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరముల భేదము గమనించి, పాస్‌వర్డు మరల వ్రాయవలెను.

తారీఖును కూడ చూడవలెను. బ్యాటరీ అయిపోయి బహుకాలము మూలపడియున్న పరికరములో గడియారము తప్పిపోవచ్చును. ఇంటర్నెట్టులో మనము చేరు స్థలములు తాము నిజమైనవని చూపుటకు గడువుగల ధ్రువపత్రములను చూపును. మన తారీఖు తప్పైనయెడల మంచి పత్రము సయితము చెల్లనిదిగా కనబడును. మనలోని గడియారము తప్పినప్పుడు నమ్మదగిన సహోదరుని కూడ అబద్ధికునిగా ఎంచుట ఇట్టిదే గదా.

ఇవన్నియు చూచిన తరువాతను కలియకపోవచ్చును. అప్పుడు తెలియవచ్చు సంగతి మనలను ఆలోచింపజేయును: తప్పు ఇరువురిలోను లేదు. పాత ఈ-రీడర్లలో అనేకము 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను మాత్రమే ఎరుగును. క్రొత్త రౌటరు 2.4 తోను, 5 గిగాహెర్ట్జ్ తోను మాటలాడగలదు. అయితే వేగము కొరకు 5ను మాత్రమే ఉంచినయెడల పాత పరికరమునకు ఆ యింటిలో ఏమియు వినబడదు. వేగమునందు 5 గొప్పది. గోడలు దాటి దూరము పోవుటలో 2.4 మేలైనది. కావున పాతదంతయు బలహీనమని చెప్పుటకు వీలులేదు.

ఇప్పుడు దిగిరావలసినదెవరు? ఒక్క భాషయే తెలిసినవాడు రెండవ భాషలోనికి రాలేడు. రెండును తెలిసినవాడు రాగలడు. శక్తి యెవరికి కలదో బాధ్యతయు వారిదే. రౌటరు సెట్టింగులలో 2.4ను తెరచి దానికి వేరు పేరు పెట్టినయెడల అనేక పర్యాయములు చిక్కు తీరిపోవును. రోమా సంఘమునకు పౌలు నేర్పినది ఈ ధర్మమే: బలముగలవారు బలహీనుల భారమును మోయవలెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో, అనేకులను రక్షణలోనికి నడిపించుటకు తాను అందరికి తగినట్లుగా నడచుకొంటినని ఆయన చెప్పుచున్నాడు. అది బలహీనత కాదు. ప్రేమ యొక్క బలము.

అయినను దిగివచ్చుటకు హద్దు లేదా? కలదు. 2018లో డబ్ల్యూపీఏ3 అను క్రొత్త భద్రతా పద్ధతి వచ్చినది. పాత పరికరములలో అనేకము దానికి ముందున్న డబ్ల్యూపీఏ2ను మాత్రమే ఎరుగును. రెంటిని కలిపి అంగీకరించు ఏర్పాటు రౌటర్లలో అనేకమునకు కలదు. అది తగిన సర్దుబాటు. కాని పాత పరికరము కొరకని పాస్‌వర్డునే తీసివేయుట ప్రేమ కాదు, అజాగ్రత్త. నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును కట్టి, గుమ్మములను తీయుటకు వేయుటకు కాలము నియమించెను. ద్వారము తెరచువాడును కావలి ఉంచవలెను. సత్యమును విడిచి సమాధానమును కొనరాదు.

చేతితో మోయవలసిన సహాయము కూడ కలదు. 2012 వరకు వచ్చిన కిండిల్ పరికరములలో అనేకము 2016 మార్చి 22 లోగా అప్‌డేట్ పొందవలసియుండెను. ఆ గడువు దాటినవాటికి వైఫై ద్వారా ఆ సహాయము అందలేదు; ఎవరో ఒకరు కంప్యూటరులో దానిని దింపి, కేబులు పెట్టి లోనికి ఎక్కింపవలసివచ్చెను. అపొల్లో యోహాను బాప్తిస్మము మాత్రమే ఎరిగియున్నప్పుడు, అకుల ప్రిస్కిల్ల సభలో అతని లోపము చాటలేదు. తమతో చేర్చుకొని మార్గమును మరి పూర్తిగా వివరించిరి.

మన సంఘములను చూచుకొందము. ప్రకటనలన్నియు వాట్సాప్‌లోనే పంపుచు, పాతఫోనుగల విధవరాలు కూడికకు రాలేదని గొణుగుచున్నామా? కానుక కొరకు గోడమీద క్యూఆర్ గుర్తును అతికించి, నాణెము తెచ్చిన ముదుసలికి సంచి చాపుట మరచితిమా? యౌవనస్థులారా, రెండు భాషలును తెలిసినవారు మీరే, మీరు దిగిరావలెను. పెద్దలారా, మీ గడియారమును సరిచేసికొనుటకు మీరును ఒప్పుకొనవలెను.

సమస్తమును చేయగల ప్రభువు మనము పైకెక్కి వచ్చువరకు వేచియుండలేదు. మన మట్టిదారిలో నడచి, మన మాటలలో మాటలాడెను. అట్లు చేర్చుకొనబడిన మనము, కలియలేని వానిని పారవేయకముందు అతనికి వినబడునట్లు మాటలాడితిమా యని మనలను మనము పరీక్షించుకొందము గాక.