సౌలు కవచము, దావీదు వడిసెల

వాక్యభాగము: 1 సమూయేలు 17:38-40, నిర్గమకాండము 15:20-21



దావీదు గొల్యాతు మీదికి పోవుటకు సిద్ధపడినప్పుడు సౌలు రాజు తన శిరస్త్రాణమును, కవచమును, కత్తిని అతనికి తొడిగించెను. అవి చెడ్డవి కావు, రాజుగారి వస్తువులే. అయినను వాటితో అడుగు వేయలేక దావీదు వాటిని విప్పివేసి, గొఱ్ఱెలయొద్ద తనకు అలవాటైన వడిసెలను, అయిదు రాళ్లను పట్టుకొని పోయెను. విజయము దేవునిదే గాని వడిసెల దావీదుది. మన చేతికి అలవాటైన దానినే దేవుడు వాడుకొనునని ఈ భాగము మనకు నేర్పుచున్నది.

ఈ సత్యమునకు సాక్ష్యముగా ఒక గాయని జీవితమును ఈ మాసము మీ ముందుంచుచున్నాము. ఆమె పేరు మేరియన్ ఆండర్సన్. 1897లో అమెరికా దేశములోని ఫిలడెల్ఫియా పట్టణమున ఒక పేద నల్లజాతి కుటుంబములో జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే యూనియన్ బాప్తిస్టు సంఘములో పిల్లల గాయక బృందమందు చేరెను. బాల్యములోనే తండ్రి చనిపోగా, తల్లి ఇతరుల బట్టలుతికి, గదులు తుడిచి ముగ్గురు కుమార్తెలను పెంచెను. సంగీతము నేర్పు పాఠశాలకు పోగా, ఆమె ఒంటి రంగును చూచి గుమ్మములోనుండియే పంపివేసిరి. అప్పుడు సంఘములోని బీదవారే చిల్లర నాణెములు పోగుచేసి ఆమెకు సంగీతము చెప్పించిరి. ఆ కానుకల విలువ పరలోకమందే తెలియవలెను.

మొదటి పాఠము. 1924లో న్యూయార్కు టౌన్ హాలులో ఆమె పాట కచేరి జరిగెను. వచ్చినవారు కొద్దిమంది. జర్మను పాటలను ఆమె భాష తెలియక, వల్లించినట్లు పాడెనని పత్రికలవారు విమర్శించిరి. ఆమె మనసు విరిగి, పాటయే మానివేయవలెనని తలంచెను. కాని మానలేదు. సముద్రము దాటి జర్మనీకి పోయి ఆ భాష నేర్చుకొని, ప్రతి మాట యర్థమును తెలిసికొని మరల పాడెను. అప్పుడే ఐరోపా దేశములు ఆమెను ఆదరించెను. చూడుడి, తన స్వరము అనగా శ్రమ లేకుండ నోటికి వచ్చినది కాదు. పరుల పాటయైనను మనసుతో గ్రహించినప్పుడు మనదగును. పౌలు 1 కొరింథీ 14:15లో బోధించినదియు ఇదే.

రెండవ పాఠము. 1939లో వాషింగ్టను నగరములోని కాన్‌స్టిట్యూషన్ హాలులో పాడుటకు ఆమెను రానీయలేదు. కారణము ఆమె రంగే. ఆ హాలు గల సమాజములో సభ్యురాలైన అధ్యక్షుని భార్య ఎలియనోర్ రూజ్వెల్టు రాజీనామా చేసెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన, పునరుత్థాన ఆదివారమున, లింకన్ స్మారక మందిరపు మెట్లమీద మేరియన్ పాడెను. చలిగాలిలో 75,000 మంది నిలిచి వినిరి. లక్షలమంది రేడియోలో వినిరి. ఆమె నిందావాక్యమొక్కటియు పలుకలేదు. కన్నులు మూసికొని పాడెను. ఐరోపా పాటలు పాడిన నోటితోనే, తన పితరులు బానిసత్వములో కన్నీటితో కట్టిన భక్తిపాటలను కూడ పాడెను. వాటికి సిగ్గుపడలేదు. ఆమె వడిసెల అదియే. తరువాత 1943లో అదే హాలులో యుద్ధబాధితుల సహాయార్థము పాడెను. 1955లో, ఏబది యేడేండ్ల వయస్సున, న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరాలో పాత్ర పాడిన మొదటి నల్లజాతి గాయకురాలాయెను. 1957లో ఆసియా పర్యటనలో మన భారతదేశమునకును వచ్చెను. 1993లో ప్రభువునందు నిద్రించెను.

మూడవ పాఠము. ఆమె తన్ను గూర్చి చెప్పుకొనునప్పుడు "నేను" అనక "మేము" అనుచుండెడిది. ఎవరును ఒంటరిగా ఏదియు చేయలేరని ఆమె నమ్మకము. లింకన్ మందిరమునొద్ద దేశగీతములో సయితము "నేను" అను చోట "మేము" అని పాడెను. చిల్లర నాణెములిచ్చిన ఆ బీద సంఘమును ఆమె మరువలేదు. తన స్వరము కలిగియుండుట గర్వము కాదని దీనివలన తెలియుచున్నది.

ప్రియులారా, ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. మూడేండ్ల క్రిందట కోతపండుగ ఆరాధనలో, కూలిపని చేసికొను ఒక ముసలి తల్లి లేచి, ఊడ్పుల పాట వరుసలో తాను కట్టుకొన్న పాటను ఎత్తుకొనెను. పెనిమిటి పోయిన యేడాది ప్రభువు తన్ను ఎట్లు పోషించెనో ఆమె చెప్పబోవుచుండెను. మేము మధ్యలో ఆపి, "అమ్మా, అది పొలము పాట. పుస్తకములోనిది పాడు" అంటిమి. ఆమెకు చదువు రాదని మేమెరుగుదుము. ఆమె కొంగు సవరించుకొని కూర్చుండెను. అది మొదలు గుడిలో ఆమె నోరు తెరువలేదు.

మా చేతిలోని ఆ పుస్తకమందున్న కీర్తనలు ఎట్టివి? పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) తెలుగు రాగములలో ప్రభువును స్తుతించినందువలననేగదా అవి మనకు దక్కినవి! అది మేము మరచితిమి. సౌలు కవచమును ఆ తల్లికి తొడుగజూచితిమి.

మేరియన్ చరిత్ర చదివిన పిమ్మట మేము ఆమె ఇంటికి పోయి, క్షమించుమని అడిగి, ఆ పాట పాడుమంటిమి. ఆమె నవ్వి, "అయ్యగారూ, పాడకపోతే పాట నిలుస్తదా? పోయింది. మొదటి ముక్క ఒక్కటే గుర్తుంది" అనెను. ఆ మాట నేటికిని మమ్మును పొడుచుచున్నది. ఆ ఒక్క ముక్కనే ఆమె చేత పాడించుకొని, ఆమెతో ప్రార్థించి ఇంటికి వచ్చితిమి.

మిర్యాము తంబురను చేత పట్టుకొన్నప్పుడు ఆమెను ఆపినవారు లేరు గనుకనే స్త్రీలందరు ఆమె వెంట నడిచిరి. హన్నా తన దుఃఖము తీరిన సంగతిని పాడెను. మరియమ్మ హన్నా పాటను ఎరిగినదే, అయినను తన దీనత్వమును తానే పాడెను. అట్టి పాటలు మన పాలెములలో ఎన్ని అణగిపోయినవో!

కావున రాబోవు కోతపండుగకు మన తల్లులును అక్కచెల్లెండ్రును ప్రభువు తమకు చేసిన మేలును తమ వరుసలో, తమ మాటలలో తెచ్చుదురుగాక. పెద్దలారా, వారిని ఆపకుడి. చదువుకొన్న యౌవనస్థులారా, ఆ పాటలను వ్రాసి ఉంచుడి. మేమును ఈసారి నోరు మూసికొని వినెదము.

ప్రార్థన: ప్రభువా, మేము ఇతరులకు తొడిగిన కవచములను విప్పుటకు సహాయము చేయుము. మా మధ్య మౌనముగానున్న వారి నోళ్లను తెరువుము. ఆమేన్.