రక్తమందలి ఒక్క అక్షరము

మానవ జన్యువులను మార్చుట తగునా అను ప్రశ్న జగదల్‌పూర్‌లో పండితుల చర్చకు మాత్రమే చెందినది కాదు. బస్తరు గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ వ్యాధి తరతరములుగా కలదు. జన్యువులో ఒక్క అక్షరము మారినందున ఎర్ర రక్తకణము కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములను అడ్డగించును. పసిబిడ్డల చేతులు, పాదములు వాచును. ఎముకలలో భరింపరాని నొప్పి కలుగును. తల్లిదండ్రులిద్దరును ఆ జన్యువును మోయువారైన యెడల ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము నాలుగింట ఒక వంతు.

2023లో బ్రిటను, అమెరికా దేశములు ‘కాస్‌జెవీ’ అను క్రిస్పర్ చికిత్సను ఆమోదించెను. అది ఆ అక్షరమును దిద్దదు. గర్భస్థ శిశువునందుండు హీమోగ్లోబిను మరల పుట్టునట్లు ఒక అడ్డును తొలగించును. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. చికిత్సకు ముందు తీవ్రమైన మందులతో మూలుగును ఖాళీ చేయవలెను. దానివలన సంతానయోగ్యత నశింపవచ్చును. 2025 నవంబరులో ఢిల్లీలోని జినోమిక్స్ పరిశోధన సంస్థ రూపొందించిన స్వదేశీ చికిత్స, బిర్సా ముండా పేరిట ‘బిర్సా 101’గా ప్రకటింపబడినది.

రోగి దేహమునకే పరిమితమైన ఇట్టి మార్పు వైద్యమే. 2018లో చైనాలో హే జియాంకుయి చేసినది వేరు. అతడు పిండములనే మార్చి కవల బాలికలను పుట్టించెను. మరుసటి యేట అతనికి మూడేండ్ల చెరశిక్ష పడెను. అట్టి మార్పు సంతానమునకును దిగును. ఇంకను పుట్టని వారి సమ్మతిని ఎవరు అడుగగలరు?

బస్తరు అడవులు మరియొక హేతువును చూపుచున్నవి. ఈ జన్యువును తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే పొందినవానికి తీవ్రమైన మలేరియానుండి కొంత కాపుదల కలదు. ‘దోషము’ అనబడినది అనేకుల ప్రాణములను నిలిపినది! అయితే నొప్పితో విలపించు బిడ్డ యెదుట ఈ మాట పలుకుట క్రూరత్వము. ఇద్దరినుండియు దానిని పొందిన ఆ బిడ్డకు ఆ కాపుదల లేదు. జన్యువును మెచ్చుకొని రోగిని విడుచుట భక్తి కానేరదు.

సమ్మతి విషయములో అనువాదకులెరిగిన చిక్కు ఒకటి కలదు. ‘జన్యువు’ అను మాటను గోండి, హల్బీ, దోర్లీ భాషలు మాటలాడువారికి ఏ పలుకుతో చెప్పవలెను? హిందీ పత్రముపై వేలిముద్ర పడినంతమాత్రమున తల్లి గ్రహించినదని తలంచుట తగదు. మూలుగు, సంతానయోగ్యత, అపాయము అనునవి ఆమె పొయ్యియొద్ద మాటలాడు భాషలో ఆమెకు చేరవలెను.

2023 జూలై 1న షాహ్‌డోల్‌లో ఆరంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమము రక్తపరీక్ష జరిపి కార్డులనిచ్చుచున్నది. ఇది మేలే. కాని పెండ్లిమాటలలో ఆ కార్డు చూచి కన్యను తిరస్కరించి, ‘వారి వంశమందే లోపమున్నది’ అనువారు, పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని యేసును అడిగిన శిష్యుల ప్రశ్ననే మరల అడుగుచున్నారు. ప్రభువు అక్కడ వంశమును విచారింపలేదు. ఉమ్మితో బురద చేసి వాని కన్నులమీద పూసెను.